నాన్నగారి వేలికి ఏ ఉంగరం: నలభై రోజుల ప్రాజెక్టు డైరీ

మొదటి రోజు

మా నాన్నగారికి 72 ఏళ్లు. అమ్మతో కలిసి తెనాలిలో ఉంటారు. మూడేళ్ల క్రితం గుండెకు స్టెంట్ వేసినప్పటి నుంచి ఆయన రోజూ వేసుకునే మాత్రల్లో మెటోప్రొలాల్ ఒకటి. నిరుడు కొనిచ్చిన స్మార్ట్ వాచీని పగలంతా పెట్టుకుంటారు గానీ, రాత్రి పడుకోబోయే ముందు తీసి కిటికీ గట్టు మీద పెట్టేస్తారు. పట్టీ కింద చెమట పట్టి చర్మం ఒరుసుకుపోతోందని, పక్కకు తిరిగినప్పుడల్లా దాని వెలుగు కళ్లలో పడుతోందని చెబుతారు. మాకు ముఖ్యంగా కావలసినవి రాత్రి లెక్కలే కనుక, వాచీకి బదులు, నాడినీ నిద్రనూ వేలి నుంచే కొలిచే స్మార్ట్ ఉంగరం పనికొస్తుందేమో చూద్దామని ఈ పని మొదలుపెట్టాను. ముందు విజయవాడలో నా వేళ్ల మీద పరీక్షించి, ఆ తరువాతే ఆయనకు ఇస్తాను.

నా దగ్గర మూడు ఉంగరాలున్నాయి. ఒకటి నేను కొన్నది, ఒకటి మా కళాశాలలో తోటి అధ్యాపకుడిని అడిగి తెచ్చుకున్నది, మూడోది మా తమ్ముడు కొన్నాళ్లు వాడి పక్కన పెట్టినది. వీటిని ఈ డైరీలో క, గ, చ అనే పిలుస్తాను. ఒక కంపెనీ తయారుచేసిన అన్ని ఉంగరాల్లో నా చేతికి వచ్చింది ఒక్కటే కనుక, దానిలో కనబడిన లోపాన్ని ఆ కంపెనీ పేరు మీద రాయడం న్యాయం కాదు.

తేల్చుకోవలసినవి మూడే పెట్టుకున్నాను: నిద్రలో గుండె వేగాన్ని ఉంగరం సరిగ్గా చెబుతుందా, నిద్రపోయిన సమయాన్ని సరిగ్గా చెబుతుందా, నాన్నగారు దీన్ని విసుగు లేకుండా రోజూ పెట్టుకోగలరా. పోల్చి చూడడానికి గుండె విద్యుత్ సంకేతాలను పట్టే, ఛాతీకి కట్టుకునే ఈసీజీ పట్టీ, మందుల దుకాణంలో దొరికే వేలి క్లిప్పు ఆక్సీమీటరు, ఒక డిజిటల్ థర్మామీటరు ఉన్నాయి. వీటన్నిటికంటే నేను ఎక్కువగా నమ్ముకున్నది నాన్నగారి నోటుపుస్తకాన్ని. పోస్టుమాస్టరుగా పనిచేసి రిటైరైన ఆయనకు ఏ పని ఏ వేళకు జరిగిందో రాసిపెట్టే అలవాటు ఇప్పటికీ పోలేదు.

మూడో రోజు

కంసాలి దగ్గర తీసుకున్న కొలత ఇక్కడ పనికిరాదు. మన నగల దుకాణాల్లో వాడే సంఖ్యలు వేరు, ఈ ఉంగరాలకు వాడే అమెరికా సంఖ్యలు వేరు. అందుకే కంపెనీలు ముందుగా ప్లాస్టిక్ నమూనా ఉంగరాల పెట్టెను పంపి, ఒక రోజంతా పెట్టుకుని చూడమంటాయి. ఆ మాటను తేలికగా తీసుకోకూడదని నాకు ఒక్క రోజులోనే తెలిసింది. ఉదయం స్నానం చేశాక 10వ సైజు నమూనా చూపుడు వేలి మీద గిరగిరా తిరిగింది. మధ్యాహ్నం భోజనం చేసి, ఎండలో స్కూటరు మీద ఇంటికి వచ్చేసరికి అదే ఉంగరం కణుపు దాటి రావడానికి సబ్బునీళ్లు కావలసి వచ్చాయి.

ఉంగరం లోపలి వైపు చూస్తే, పెసరగింజంత కూడా లేని మూడు ఉబ్బులు కనిపిస్తాయి. వెలుగు పంపేవీ, వెలుగు అందుకునేవీ వీటి కిందే ఉంటాయి కనుక, ఇవి అరచేతి వైపు, వేలి మెత్తటి భాగానికి ఆని ఉండాలి. ఉంగరం వదులై అవి పైకి, గోరు వైపుకు తిరిగితే లెక్క చెడుతుంది. క, గ ఉంగరాల అంచు మీద చిన్న గీత ఉంది, ఏది కింది వైపో చీకట్లో కూడా గోటితో తడిమి తెలుసుకోవచ్చు. చ ఉంగరానికి అటువంటి గుర్తు లేదు. దీన్ని చిన్న విషయమనుకోకూడదు, నాన్నగారు కళ్లజోడు తీసేశాకే ఉంగరం పెట్టుకుంటారు.

ఆరో రోజు

ఇది పనిచేసే తీరును నా విద్యార్థులకు చెప్పినట్టే ఇక్కడా రాసుకుంటున్నాను. లోపలి చిన్న దీపాలు చర్మంలోకి వెలుగును పంపుతాయి. గుండె కొట్టుకున్న ప్రతిసారీ వేలి రక్తనాళాల్లోకి రక్తం పొంగి, ఆ క్షణంలో వెలుగును కాస్త ఎక్కువగా పీల్చుకుంటుంది. తిరిగి వచ్చిన వెలుగులోని ఆ సన్నని హెచ్చుతగ్గులను లెక్కపెడితే నాడి తెలుస్తుంది. ఈ పద్ధతిని పీపీజీ అంటారు. మణికట్టు పైభాగంతో పోలిస్తే వేలి కింది వైపు చర్మంలో రక్తప్రసరణ బాగా ఉంటుంది, ధమనులు రెండు పక్కలా దగ్గరగా ఉంటాయి. అందువల్ల కదలకుండా ఉన్న వేలి నుంచి వచ్చే సంకేతం స్పష్టంగా ఉంటుంది.

ఉంగరానికి ఉన్న పెద్ద ఇబ్బంది బ్యాటరీ. శాంసంగ్ గెలాక్సీ రింగ్‌లో సైజును బట్టి 18 నుంచి 23.5 మిల్లీ ఆంపియర్ అవర్ల బ్యాటరీ ఉంటుంది. ఫోన్లలో 5,000 సర్వసాధారణం. ఇంత కొద్ది శక్తితో ఆరేడు రోజులు నెట్టుకురావాలి కనుక, ఇవి పగలు నాడిని ఎడతెగకుండా చూడవు, మధ్యమధ్య మాత్రమే చూస్తాయి. రాత్రి కదలిక లేని వేళల్లో ఎక్కువగా చూస్తాయి. ఉంగరాన్ని రాత్రి పనిముట్టుగా భావించాలని నేననడానికి కారణం ఇదే.

బజారు సంగతి క్లుప్తంగా. ఈ రంగంలో ముందు నడిచినది 2013లో ఫిన్లాండ్‌లోని ఔలు పట్టణంలో మొదలైన ఔరా. 2021లో వచ్చిన దాని మూడో తరం ఉంగరం నుంచి పూర్తి వివరాలు చూడడానికి నెలనెలా రుసుము కట్టాలి. మన దేశంలో బెంగళూరుకు చెందిన అల్ట్రాహ్యూమన్ ఉంది. బోట్, నాయిస్ కంపెనీలు 2023లో ఉంగరాలు తెచ్చాయి. 2024 అక్టోబరులో గెలాక్సీ రింగ్ మన దేశానికి వచ్చినప్పుడు దాని ధర 38,999 రూపాయలు. అది ఆండ్రాయిడ్ ఫోన్లతోనే పనిచేస్తుంది. కొనబోయేవారు ఉంగరం ధరతో పాటు నెలసరి రుసుము, తమ ఇంట్లో ఉన్న ఫోన్ ఏ రకమైనది అన్న రెండు విషయాలూ ముందే చూసుకోవాలి.

పదో రోజు

ఛాతీ పట్టీ కట్టుకుని నాలుగు రాత్రులు పడుకున్నాను. క ఎడమ చూపుడు వేలికి, చ ఎడమ ఉంగరపు వేలికి, గ కుడి మధ్యవేలికి. పట్టీ లెక్కలో నా నిద్రలోని సగటు నాడి నిమిషానికి 60. క 60 అంది, చ 61 అంది, గ 65 అంది. గ పనికిరాదని దాదాపు నిర్ణయించుకున్నాను.

అయినా ఒక అనుమానం మిగిలి, తరువాతి మూడు రాత్రులు క, గ ఉంగరాల చోట్లు మార్చాను. ఎడమ చూపుడు వేలికి వచ్చిన గ 61 చూపింది. కుడి మధ్యవేలికి వెళ్లిన క 64కు పెరిగింది. తప్పు ఉంగరంలో కాదు, నా కుడి చేతిలో ఉంది. నేను కుడి పక్కకు తిరిగి, ఆ చేతిని దిండు కింద పెట్టుకుని పడుకుంటాను. బరువు కింద వేలు నొక్కుకుపోతే రక్తప్రసరణ తగ్గి, సంకేతం సన్నబడి, లెక్క తప్పుతుంది. చోటు మార్చి చూడకుండా ఉంటే ఒక మంచి వస్తువును చెడ్డదని ఈ డైరీలో రాసేసేవాడిని. ఉంగరాలను పోల్చే వారెవరైనా వేళ్లు మార్చి మార్చి చూడాలని గట్టిగా చెబుతున్నాను.

గుండె చప్పుళ్ల మధ్య విరామంలో వచ్చే తేడా, అంటే హెచ్‌ఆర్‌వీ విషయంలో మాత్రం మూడూ మూడు దారులు. ఒకే రాత్రికి క 31 మిల్లీ సెకన్లు, గ 38, చ 44 చూపాయి. ఏ ఒక్కటీ అబద్ధం చెప్పడం లేదు. ఒకటి రాత్రంతటి సగటు తీస్తుంది, ఒకటి గాఢనిద్ర అనుకున్న భాగాన్నే తీసుకుంటుంది, ఒకటి మొదటి గంటలను వదిలేస్తుంది. కాబట్టి ఒక ఉంగరం అంకెను మరో ఉంగరం అంకెతోనో, పక్కింటివారి అంకెతోనో పోల్చడంలో అర్థం లేదు. అదే ఉంగరం, అదే వేలు, అదే మనిషి అయినప్పుడే నిన్నటికీ ఈనాటికీ ఉన్న తేడా చూడాలి.

పదమూడో రోజు

పగటి లెక్కలకు ఒక్క రోజు చాలింది. నోటితో లెక్కపెట్టుకుంటూ నడిచిన వెయ్యి అడుగులకు మూడూ నలభై, యాభై తేడాతో దగ్గరగానే వచ్చాయి. కానీ ఇరవై చపాతీలు ఒత్తినంతసేపూ గ నన్ను నడిపిస్తూనే ఉంది, గతుకుల రోడ్డు మీద స్కూటరు నడిపితే చ కూడా అడుగులు కలిపింది. రోజుకు పదివేల అడుగులన్న లక్ష్యం 1965 ప్రాంతంలో జపాన్‌లో అమ్మిన ‘మాన్‌పో కే’ అనే అడుగుల మీటరు పేరు నుంచి వ్యాపించినది, వైద్యులు కొలిచి పెట్టినది కాదు. నాన్నగారికి రోజూ సాయంత్రం కాలువ గట్టు దాకా వెళ్లి రావడమే కొలత కనుక ఈ విషయాన్ని ఇంతటితో వదిలేస్తున్నాను.

పదహారో రోజు

తెల్లవారి చూసేసరికి క ఉంగరం, రాత్రి మూడు గంటలకు నా రక్తంలో ఆక్సిజన్ 84 శాతానికి పడిపోయిందని చూపింది. ఆ అంకె చూస్తే ఎవరికైనా గుండె ఝల్లుమంటుంది. వెంటనే క్లిప్పు ఆక్సీమీటరు పెట్టుకుంటే 97 వచ్చింది. ఆ రాత్రి కూడా అది కుడి చేతికే ఉంది. మరుసటి రాత్రి ఎడమ చేతికి మార్చాక పడిపోవడమన్నది మళ్లీ కనిపించలేదు.

ఆక్సీమీటరు సూత్రాన్ని జపాన్‌కు చెందిన తకువో అవోయాగి 1974లో వెలుగులోకి తెచ్చారు. ఆక్సిజన్ నిండిన రక్తం ఎరుపు కాంతిని ఒక తీరుగా, పరారుణ కాంతిని మరో తీరుగా పీల్చుకుంటుంది. ఆ రెండింటి నిష్పత్తి నుంచి శాతం తేలుతుంది. క్లిప్పులో వెలుగు వేలి చివర ఒక వైపు నుంచి దూరి రెండో వైపుకు వస్తుంది. ఉంగరంలో వెలుగు లోపలికి వెళ్లి చెల్లాచెదురై తిరిగి వచ్చినదే ఆధారం కనుక పని కష్టం. మనవంటి చామనఛాయ వారు గుర్తుంచుకోవలసినది మరొకటి ఉంది. ఆసుపత్రుల్లో వాడే ఆక్సీమీటర్లు సైతం తెల్లవారితో పోలిస్తే నల్లవారిలో ఆక్సిజన్ తగ్గుదలను దాదాపు మూడింతలు ఎక్కువసార్లు గుర్తించలేకపోయాయని 2020 డిసెంబరులో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చిన అధ్యయనం చెప్పింది. ఉంగరం చూపే ఒక్క రాత్రి అంకె మీద ఆధారపడి కంగారు పడకూడదు, నిశ్చింతగానూ ఉండకూడదు. నాన్నగారి ఫోన్‌లో ఈ హెచ్చరికను ఆపేసి, క్లిప్పును ఆయన మందుల డబ్బాలో పెడతాను.

పంతొమ్మిదో రోజు

మొన్న రాత్రి నా నాడి 60 నుంచి 67కు పెరిగిందని, వేలి ఉష్ణోగ్రత మామూలు కంటే 0.7 డిగ్రీలు ఎక్కువగా ఉందని మూడు ఉంగరాలూ చూపాయి. ఉదయం నాకేమీ తెలియలేదు, పాఠాలు కూడా చెప్పాను. సాయంత్రానికి 101 డిగ్రీల జ్వరం. ఈ పరికరాల మీద నాకు నమ్మకం కలిగిన రోజు ఇది. అయితే కిందటి వారం ఒక పెళ్లి విందులో రాత్రి పదకొండు దాటాక భోజనం చేసి పడుకున్నప్పుడు కూడా నాడి ఆరు అంకెలు పెరిగిందని వెనక్కి తిప్పి చూస్తే కనిపించింది. ఏదో మారిందని మాత్రమే ఉంగరం చెప్పగలదు. కారణం మనమే వెతుక్కోవాలి.

ఇరవై రెండో రోజు, తెనాలి

గ ఉంగరం నాన్నగారి వేలి కణుపు దాటలేదు కనుక ఈ దశలో దాన్ని పక్కన పెట్టాను. ఆయన కుడి చేతికి పంచలోహ ఉంగరం ఉంది. అన్నం కలుపుకునేదీ ఆ చేత్తోనే. అందుచేత రెండు ఉంగరాలూ ఎడమ చేతికే, క చూపుడు వేలికి, చ మధ్యవేలికి.

“దీన్ని పెట్టుకుని నేనేం చెయ్యాలిరా?” అన్నారు.

“ఏమీ చెయ్యక్కర్లేదు నాన్నగారూ. ఎప్పటిలాగే పడుకోండి. మెలకువ వస్తే పుస్తకంలో టైము రాయండి, చాలు.”

ఇరవై తొమ్మిదో రోజు, తెనాలి

ఈ వారం నోటుపుస్తకంలో ఒక రాత్రి ఇలా ఉంది: “రా. 11.05 దీపం ఆర్పితిని. 2.10 లేచితిని, మంచినీళ్లు. 2.25 పడుకుంటిని. 3.20 మెలకువ, లేవలేదు. 5.00 పాలు.”

అదే రాత్రికి చ ఉంగరం లెక్క: నిద్ర 11.10కి మొదలు, 2.12 నుంచి 2.22 దాకా మెలకువ, 5.00కి లేవడం, మొత్తం నిద్ర 5 గంటల 40 నిమిషాలు. క చూపినదీ దాదాపు అంతే. ఆయన పడుకున్నదీ, మంచం దిగినదీ ఎంత చక్కగా పట్టుకున్నాయో చూస్తే ముచ్చటేసింది. కానీ 3.20 నుంచి 5.00 దాకా ఉన్న గంటా నలభై నిమిషాలను రెండూ తేలికపాటి నిద్ర కింద వేశాయి. ఆ సమయమంతా ఆయన వెల్లకిలా పడుకుని, అమ్మకు నిద్రాభంగం కలగకుండా కదలక మెదలక మనసులో నామజపం చేసుకుంటారు. అసలు నిద్ర నాలుగు గంటలే. ఉంగరం చేతి కదలికనూ నాడినీ చూసి నిద్రను ఊహిస్తుంది. మెలకువగా ఉండి కూడా కదలని మనిషి దానికి నిద్రపోయినట్టే కనబడతాడు.

ఏడు రాత్రుల్లో ఐదు రాత్రులు ఇదే కథ. నిద్ర పట్టని పెద్దవారి ఇంట్లో ఇది అన్నిటికంటే ముఖ్యమైన విషయమని నేననుకుంటున్నాను. పిల్లలు దూరాన ఉండి ఫోన్‌లో ఐదు గంటల నలభై నిమిషాలని చూసి, నాన్న బాగానే పడుకుంటున్నారని అనుకుంటారు. ఆయనేమో చీకట్లో పైకప్పు చూస్తూ ఉంటారు. గాఢనిద్ర ఇంత, కలల నిద్ర అంత అని యాప్ రంగురంగుల్లో గీసే బొమ్మలను కూడా నేను లెక్కలోకి తీసుకోవడం లేదు. నిద్ర దశలను నిర్ణయించాలంటే తల మీద తీగలు పెట్టి మెదడు తరంగాలు చూడాలి, వేలి నుంచి అందేది అంచనాయే. చ యాప్‌లో తప్పుగా పడిన నిద్ర సమయాన్ని చేత్తో సరిదిద్దవచ్చు. క యాప్‌లో ఆ వీలు లేదు.

ముప్ఫై మూడో రోజు, తెనాలి

నాన్నగారు ఈరోజు ఎంతో సంతోషంగా ఉన్నారు. “నాకు 91 మార్కులొచ్చాయిరా, నీకు 78యేగా!” అన్నారు. యాప్ ఆయన శరీరం అద్భుతంగా విశ్రాంతి తీసుకుందని రాసింది. కారణం రాత్రి ఆయన నాడి 50 దగ్గర ఉండడం. మెటోప్రొలాల్ చేసే పనే గుండె వేగాన్ని తగ్గించడం. వ్యాయామం చేసే కుర్రవాడి గుండె నెమ్మదించినా, మాత్ర వల్ల పెద్దాయన గుండె నెమ్మదించినా ఉంగరానికి ఒకటే. ఆయన ఏ మాత్ర వేసుకుంటున్నారో అడిగే చోటే ఆ యాప్‌లో లేదు. నాలుగు గంటలే నిద్రపోయిన రాత్రికి 91 మార్కులు పడ్డాయంటే, అంకె వెనుక ఉన్న మనిషిని యాప్ చూడలేదన్నమాట.

ఆయన సంతోషాన్ని చెడగొట్టడానికి మనసు రాలేదు గానీ, కూర్చోబెట్టి విషయం వివరించాను. మామూలు చెకప్‌కు వెళ్లినప్పుడు గుండె డాక్టరుగారికి ఆరు రాత్రుల లెక్క చూపాము. ఆ మోతాదుకు అది ఊహించినదేనని, కళ్లు తిరిగినా, నీరసంగా అనిపించినా వెంటనే చెప్పాలని, యాప్ చూసి మాత్ర సొంతంగా మార్చకూడదని ఆయన అన్నారు. ఇంటికి రాగానే మార్కుల పేజీ కనబడకుండా చేసి, నాడి వారపు సగటు మాత్రం ఉంచాను.

మధ్యాహ్నం పక్క వీధి బాబాయిగారు వచ్చి, “షుగర్ కూడా చూపిస్తుందటగా అబ్బాయ్, నాకూ ఒకటి తెప్పించు” అన్నారు. అలా చెప్పి అమ్మే చౌక ఉంగరాలున్న మాట నిజమే. చర్మాన్ని గుచ్చకుండా తమంతట తాము రక్తంలో గ్లూకోజును కొలిచే వాచీకి గానీ ఉంగరానికి గానీ అనుమతి ఇవ్వలేదని, వాటిని వాడవద్దని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2024 ఫిబ్రవరిలో హెచ్చరించింది. ఆ తప్పుడు అంకె చూసి ఇన్సులిన్ ఎక్కువ వేసుకుంటే ప్రాణం మీదికి వస్తుందని బాబాయిగారికి విడమరిచి చెప్పాను. ఆయన గ్లూకోమీటరుకు కొత్త స్ట్రిప్పులు తెచ్చి ఇచ్చాను.

ముప్ఫై ఆరో రోజు

రాత్రి తొమ్మిదింటికి అమ్మ ఫోన్ చేసింది. ఎండ ముదిరింది, నాన్నగారి వేళ్లు వాచి చూపుడు వేలి ఉంగరం రావడం లేదు. చెయ్యి పైకెత్తి పది నిమిషాలు ఉంచమని, తరువాత చన్నీళ్లలో ముంచమని, కొబ్బరినూనె రాసి ఉంగరాన్ని లాగకుండా తిప్పుతూ తీయమని చెప్పాను. పావుగంటకు వచ్చింది. వేలి చుట్టూ ఎర్రటి గాడి పడింది. బంగారు ఉంగరమైతే కంసాలి కత్తిరిస్తాడు. ఇది టైటానియం, పైగా లోపల లిథియం బ్యాటరీ ఉంది, ఇంట్లో కత్తిరించే సాహసం చేయకూడదు. స్కానింగుకో, ఆపరేషనుకో వెళ్లవలసి వస్తే తీసేయక తప్పని వస్తువు తేలికగా వచ్చేలా ఉండాలి. చలికాలంలో కొలత తీసుకునేవారు వేసవిని లెక్కలో ఉంచుకోవాలి. నేను ఆ జాగ్రత్త తీసుకోలేదు, ఇబ్బంది మాత్రం ఆయన పడ్డారు.

నలభయ్యో రోజు, తెనాలి

చ ఉంగరాన్నే ఉంచాలని నిర్ణయించాను. నాడి విషయంలో క ఒక అంకె మెరుగు, బ్యాటరీ కూడా ఒక రోజు ఎక్కువ వస్తుంది. అయినా చ నాన్నగారి మధ్యవేలికి వేసవిలోనూ తేలికగా ఎక్కి దిగుతోంది. నిద్ర లెక్కను సరిదిద్దుకోనిస్తుంది. నెలసరి రుసుము లేదు. రాత్రి లెక్కలన్నిటినీ పట్టికగా దింపుకోవచ్చు. కింది వైపు గుర్తు లేని లోపానికి అమ్మ ఒక దారి చెప్పింది, అంచు మీద గోళ్ల రంగుతో ఎర్రటి చుక్క పెట్టింది. ఉంగరం బ్యాటరీ మార్చడానికి వీలుండదు కనుక రెండు, మూడేళ్లకు మరొకటి కొనవలసి వస్తుందనే లెక్క వేసుకున్నాను. ఖాతా నా పేరుతో కాక ఆయన పేరుతోనే తెరిచాను. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం ప్రకారం తన వివరాలు తుడిచేయమని అడిగే హక్కు ఆయనది. నేను ఏ పేజీలు చూడవచ్చో కూడా ఆయన్నే అడిగి నిర్ణయించాను.

ఛార్జింగు డబ్బా దేవుడి గూటి పక్కన పెట్టాము. ఆదివారం, గురువారం స్నానానికి వెళ్లేముందు ఉంగరం అందులోకి వెళుతుంది, పూజ అయ్యాక వేలికి వస్తుంది. డాక్టరుగారి కోసం ఒకే కాగితం తయారుచేశాను: ఒక వరుసలో వారపు సగటు నాడి, రెండో వరుసలో నోటుపుస్తకం ప్రకారం నిద్ర గంటలు, మూడో వరుసలో మాత్రల మార్పులు. రెండో వరుసను నాన్నగారే నింపుతారు. ఈ వారం అక్కడ ఆయన రాసిన మొదటి అంకె నాలుగుంపావు.